సరైన టైము వచ్చే నెల

సిరొంచ బస్టాండు ఎదురుగా, జిలేబీ బండి పక్కన
ఓదేలు వాచీ కొట్టు.
మూడడుగుల బల్ల. కంటికి నల్ల గొట్టం.
గోడకు పదకొండు గడియారాలు,
పదకొండూ పదకొండు మాటలంటాయి.
అహేరి పోయే ఎర్ర బస్సు వాటిల్లో ఒక్కదాన్నీ నమ్మదు,
నిండితేనే కదులుతుంది.

ఆ పొద్దున ఊళ్ళో ఫోన్లన్నీ మాట మధ్యలో తెగిపోతుంటే
నడుముకు తాడు కట్టుకుని టవరెక్కాను.
కింద ప్రాణహిత. అవతల తెలంగాణ, ఎండకు చెదిరిపోతూ.
తెల్ల పుట్టగొడుగంత యాంటెన్నా మీద
కాకి గూడు కట్టింది, అంతా కరెంటు తీగ ముక్కలతో.
ఆకాశం కనబడక టవరుకు టైము తప్పింది.
సెకనును పది లక్షల ముక్కలు చేసి
రెండు ముక్కలు అటో ఇటో జరిగినా చాలు,
పక్క టవరుతో దానికి పొసగదు.
రెండు గుడ్లున్నాయి. గూడును మెల్లగా పక్క కమ్మీ మీదికి జరిపాను.
కాకి నెత్తిన రెండుసార్లు తన్నింది.

సాయంత్రం చాయ్ తాగుతూ చెబితే
"ఆకాశంల గడియారమా? దానికి కీ ఎవలిస్తరు పోశం?" అన్నాడు ఓదేలు.

కీ లేదన్నా. స్ప్రింగు లేదు, పళ్ళ చక్రం లేదు.
మొదట అమ్మోనియాతో చేసి చూశారట.
ఓదేలు ముక్కు మూసుకున్నాడు,
రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ గుర్తొచ్చి.
అది నిలకడగా నడవలేదు. ఆ తర్వాత సీజియం.
బంగారు రంగు లోహం, అరచేతిలో పెడితే కరుగుతుంది,
మన ఎండాకాలంలో అసలు గడ్డే కట్టదు,
ప్రాణహితలో వేస్తే పేలిపోతుంది.

"అసొంటిదాంతో గడియారమా?"

పాత రేడియోలో ఆదిలాబాద్ స్టేషను కోసం
ముల్లును వెంట్రుకవాసి జరుపుతూ ఉంటే
ఒక్క చోట గొంతు తేటపడుతుంది చూడు, అట్లా.
అణువుల మీదికి తరంగాన్ని వదులుతారు,
సరిగ్గా సరిపోయిన చోట అవి స్థితి మార్చుకుంటాయి.
చేటలో బియ్యం చెరిగినట్టు వాటిని పైకెగరేసి
పోయేటప్పుడొకసారి, పడేటప్పుడొకసారి అడుగుతారు.
తొమ్మిది వందల పంతొమ్మిది కోట్ల
ఇరవై ఆరు లక్షల ముప్పై ఒక్క వేల ఏడు వందల డెబ్బై
ఊపులు లెక్కబెడితే ఒక సెకను.
ఏ దేశంలో తవ్వినా ఆ అణువుదదే లెక్క.
సెకండ్ క్వాలిటీ ఉండదు, డూప్లికేటు రాదు.

ఓదేలు గొట్టం తీసి తుడుచుకున్నాడు.
నలభై ఏళ్ళు డూప్లికేటు సామానుతో వేగినవాడు.

పైకి పోయినకొద్దీ గడియారం తొందరపడుతుందనీ చెప్పాను.
అందుకే ఉపగ్రహం గడియారాన్ని నేల మీదే
కొంచెం మందంగా నడిచేట్టు చేసి పంపుతారు.
టవరు మీద నేను కూడా
నీకంటే నలుసంత ముందే ముసలోణ్ణవుతున్నా.

"సరే. మరి దాన్ని దేంతోటి కలుపుతరు?"

అక్కడ నేను కాసేపు ఆగాను.
దేంతోనూ కలపరు. లోకమంతా అలాంటివి వందల కొద్దీ ఉన్నాయి,
ఢిల్లీలో కొన్ని. ఏ రెండూ ఒప్పుకోవు.
పారిస్ పక్కన ఒక ఆఫీసు అన్నింటి సగటు తీసి
నెలకో కాగితం రాస్తుంది:
పోయిన నెల మీరింత ముందున్నారు, మీరింత వెనకున్నారు అని.

"అంటే ఇప్పుడు టైమెంతో ఎవలికీ తెల్వదా?"
వచ్చే నెల తెలుస్తుంది.

ఓదేలు నవ్వితే బల్ల మీది మరలు చెల్లాచెదురయ్యాయి.
వెంటనే రశీదు వెనక గోడ మీది టైములన్నీ రాసుకున్నాడు.
ఆగిపోయినదాన్ని కలపొద్దన్నాను.
నమ్మకం లేనిదానికి అక్కడ విలువ సున్నా వేస్తారు.
"అది రంజాన్ ఉస్తాద్‌ది. నాకు పని నేర్పినాయన.
సున్న ఎట్లేస్తరా?"

ఒంటిగంటా ఇరవై దగ్గరే నిలిచిన ఉస్తాద్‌ను కూడా కలిపి
పదకొండుతో భాగించి
ఓదేలు రోడ్డు మీదికొచ్చి కేకేశాడు:
"నాలుగూ నలభై తొమ్మిది!"

బస్సు డ్రైవరు తలూపాడు.
నా ఫోనులో ఐదూ పది.
జేబులోంచి పైకి తియ్యలేదు.
బస్సులో ఇంకో ఇద్దరికి చోటుంది.